మానేరు నుంచి కుంటాల దాకా... సైకిల్ మీద, కాలినడకన, తెడ్డు పడవలో!

సెలవులొస్తే మనం ఎక్కడికి వెళ్తాం? పుట్టింటికి. అది కుదరకపోతే మొక్కు తీర్చుకోవడానికి వేములవాడకో, కొండగట్టుకో, బాసరకో. దారంతా ఒళ్ళో టిఫిన్ క్యారియర్, భుజాన పిల్లల బట్టల సంచి. కిటికీ పక్క సీటు ఎలాగూ పిల్లలదే. బస్సు దిగామా, దర్శనం చేసుకున్నామా, మళ్ళీ బస్సెక్కామా! మధ్యలో ఉన్న ఊళ్ళు, వాగులు, గుట్టలు మనకు పేర్లే తప్ప రూపాలు కావు.

విదేశాల్లో ఇంకో రకం సెలవు ఉంది. ఏడెనిమిది మంది ఒక జట్టుగా బయల్దేరతారు. ఒకరోజు సైకిల్ తొక్కుతారు, ఒకరోజు కొండలెక్కుతారు, ఇంకోరోజు కయాక్ అనే సన్నటి తెడ్డు పడవలో చెరువులోనో ఏట్లోనో తిరుగుతారు. సామాన్లు వ్యానులో వెనకాల వస్తుంటాయి. దీనికి వాళ్ళు బోలెడంత డబ్బు పోస్తారు. ఈ సంగతి చెబితే మా అత్తగారు, "పైసలిచ్చి కాళ్ళనొప్పులు కొనుక్కుంటరా?" అన్నారు. ఆవిడ అన్నదాంట్లో తప్పేమీ లేదు గానీ, ఆ కాళ్ళనొప్పుల మీదే మాకు మనసు పోయింది.

దానికోసం విమానం ఎక్కక్కర్లేదు. మన పాత కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాలు చాలు. 2016లో ఇవి ముక్కలై ఎన్నో జిల్లాలయ్యాయి కానీ, నేల మాత్రం అదే. దక్షిణాన మానేరు, రాతి గుట్టలు, చెరువులు, వరిచేలు. మధ్యలో గోదావరి. అది దాటితే టేకు అడవి. అడవి పైకెక్కితే నల్లరేగడి, పత్తి, జొన్న, వాగులు, జలపాతాలు. రెండు మూడు గంటల ప్రయాణానికి ఒకసారి నేల రంగు మారిపోతుంది. ఇంత తక్కువ దూరంలో ఇన్ని రకాలు చూపించే చోట్లు మన రాష్ట్రంలో చాలా లేవు.

మేము అయిదుగురం ఆడవాళ్ళం. నేను, మా వదిన, మా ఆడపడుచు, కుట్టు మిషన్ నడుపుకునే నా స్నేహితురాలు, అరవై దాటిన మా పక్కింటి టీచరమ్మ. తోడుగా మా ఆడపడుచు కొడుకు. వాడు హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తూ ఆదివారాలు సైకిల్ తొక్కే రకం. వెనకాల అద్దె వ్యాను నడపాలి, పంక్చర్లు వేయాలి... ఇదీ వాడికి మేము పెట్టిన పని. సైకిళ్ళు కొనలేదు. పిల్లలు చదువులకు వెళ్ళిపోయాక ప్రతి ఇంట్లో మెట్ల కింద ఒక గేర్ల సైకిల్ దుమ్ము కొట్టుకుని ఉంటుంది, చూడండి! వాటికే నూనె పోసి, ట్యూబులు మార్పించాం. నెల ముందు నుంచి తెల్లవారుజామున కాలనీ గ్రౌండులో పంజాబీ డ్రెస్సులు వేసుకుని తొక్కాం. పదో తరగతి తర్వాత సైకిల్ ముట్టని నాకు నాలుగు రోజుల్లో అలవాటైపోయింది. టీచరమ్మకు మాత్రం పది రోజులు పట్టింది. ఆవిడ సీటు బాగా కిందికి దింపుకుని, రెండు కాళ్ళూ నేలకు ఆనేట్టు చూసుకున్నారు. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళకు నడక కంటే సైకిలే నయమని డాక్టరు చెప్పారట.

సైకిల్ నేర్చుకోవడం కంటే కష్టమైన పని ఇంకోటుంది. అడిగిన ప్రతివాళ్ళకీ జవాబు చెప్పడం! "ఏ గుడికి?" అంటారు. గుడికి కాదంటే, "ఎవరి పెళ్ళికి?" అంటారు. పెళ్ళీ కాదంటే ఒక చూపు చూస్తారు. మా వదినకైతే నాలుగు రోజులకు ఇంట్లో వంట ఎవరు చేస్తారన్నదే పెద్ద చర్చ అయింది. చివరికి మా అన్నయ్యే, "అన్నం, పచ్చిపులుసు నాకు వచ్చు, పోయిరండి" అన్నాడు.

దీపావళి దాటిన వారం, నవంబరులో బయల్దేరాం. వానలు తగ్గి, వాగుల్లో నీళ్ళు మాత్రం మిగిలి ఉండే రోజులవి. ఎండాకాలంలో ఈ ప్రయాణం పెట్టుకోకండి. రామగుండం, ఆదిలాబాద్ ఎండలు తెలిసినవే కదా!

మొదటి రోజు మానేరు. దిగువ మానేరు డ్యాం కట్టడం 1974లో మొదలై 1985కి పూర్తయింది. కరీంనగర్ వాళ్ళకు అదే సముద్రం. పొద్దున్న ఆరింటికి డ్యాం గాలి ముఖాన కొడుతుంటే తొక్కుకుంటూ ఎలగందుల ఖిల్లాకు చేరాం. ఊరి నుంచి పదీ పన్నెండు కిలోమీటర్లే. ఒకప్పుడు ఇదే జిల్లా కేంద్రం. 1905 దాకా జిల్లా పేరు కూడా ఎలగందులే. ఇప్పుడు కోట గోడల్లోంచి చెట్లు మొలిచాయి, మేకలు మేస్తున్నాయి. మెట్లెక్కి పైకి వెళ్తే ఒకవైపు మానేరు నీళ్ళు, ఇంకోవైపు పొలాలు. డ్యాం కట్టినప్పుడు కొన్ని ఊళ్ళు ఆ నీళ్ళ కిందికి పోయాయి. అంత అందమైన నీటిని చూస్తూ టీచరమ్మ, తన మొదటి ఉద్యోగం నాటి ఒక ఊరు దాని అడుగున ఎక్కడో ఉందని చెప్పారు. అందరం కాసేపు మాట్లాడలేదు.

కోట దిగి, నీడన కూర్చుని సర్వపిండి తిన్నాం. ప్రయాణానికి ఇంతకంటే మంచి తిండి లేదండీ. బియ్యప్పిండిలో పల్లీలు, నువ్వులు, నానబెట్టిన శనగపప్పు, కరివేపాకు, ఉల్లికాడ వేసి, గిన్నె లోపల పలుచగా అద్ది, చిన్న మంట మీద కాల్చాలి. ఉల్లికాడ వేస్తే ఆ రోజే తినేయాలి. అది లేకుండా చేస్తే రెండో రోజుకూ బాగుంటుంది. సకినాలు డబ్బా నిండా పట్టుకెళ్ళాం, కానీ సైకిల్ మీద సంచిలో పెడితే పిండైపోతాయి. వాటిని వ్యానులోనే ఉంచండి. జేబులో వేసుకోవడానికి పుట్నాలు, బెల్లం ముక్క చాలు.

సాయంత్రం సైకిళ్ళు వ్యాను మీదికెక్కించి, జగిత్యాల మీదుగా ధర్మపురి చేరాం. గుడికి కాదు అని బయల్దేరినవాళ్ళం గుడికే వచ్చామా అని నవ్వుకున్నాం! ఇక్కడ గోదావరి దక్షిణానికి మళ్ళి పారుతుంది. అందుకే ఇక్కడి స్నానానికి అంత పేరు. తెల్లవారుజామున మెట్ల మీద కూర్చున్నాం. పొగమంచు లోంచి నది ఇంకా కనబడటం లేదు. చప్పుడు మాత్రం వినిపిస్తోంది. నరసింహస్వామికి దండం పెట్టుకుని, రాయపట్నం వంతెన వ్యానులోనే దాటాం. అది జాతీయ రహదారి. లారీల మధ్య సైకిల్ వద్దని వాడు ముందే గట్టిగా చెప్పాడు.

లక్షెట్టిపేట దాటి దండేపల్లి దారి పట్టాక సైకిళ్ళు దించాం. ఈ పొలాలన్నీ కడెం కాలువ నీళ్ళతో పండేవి. నవంబరు కదా, కోతలు జోరుగా ఉన్నాయి. రోడ్డుకు ఒకవైపు పొడుగ్గా వడ్లు ఆరబోసి ఉన్నాయి. సైకిల్ వాటి మీదికి పోకూడదు, రెండోవైపు ట్రాక్టర్లు వస్తుంటాయి. మిగిలిన మూరెడు జాగాలో తొక్కడం ఒక విద్య! చీరకొంగు తలకు చుట్టుకుని వడ్లు కాళ్ళతో తిరగేస్తున్న ఒకావిడ మమ్మల్ని ఆపింది.

"యాడికి పోతున్నరమ్మా? బస్సు దొరకలేదా?"

"ఊరికే తిరగడానికి వచ్చినమమ్మా" అంది మా స్నేహితురాలు.

"ఊరికెనా?" అని ఆవిడ మా అయిదుగురినీ పైనుంచి కిందికి చూసింది. "గింత ఎండల ఊరికె తొక్కుతరా? కూలేమన్న ఇస్తరా?"

అందరం నవ్వాం. ఆవిడా నవ్వింది. చెంబుతో నీళ్ళిచ్చింది. ఆవిడకు సైకిల్ తొక్కడం రాదట. పొద్దున్నుంచి సాయంత్రం దాకా వడ్ల మీద అటూ ఇటూ ఎన్నిసార్లు నడుస్తుందో లెక్కేస్తే, మా నాలుగు రోజుల నడక ఆవిడకు ఒక రోజు పని. నీళ్ళ చెంబు తిరిగిస్తుంటే, "ఒక్కసారి కూసుంట, పట్టుకుంటరా?" అంది. మా వాడు, వదిన చెరో వైపు పట్టుకున్నారు. ఆవిడ సీటు మీద కూర్చుని, పెడలు మీద కాళ్ళు పెట్టి, ఇరవై గజాలు వెళ్ళి, "సాలు, సాలు, దింపుండ్రి" అని కేకలేసి దిగింది. పక్క కుప్పల దగ్గరున్న ఆడవాళ్ళంతా పనాపి చూస్తున్నారు. ఈ నాలుగు రోజుల్లో నాకు బాగా గుర్తున్నది ఈ ఇరవై గజాలే.

ఇక పడవ. కయాక్ నేర్చుకోవాలంటే మన దగ్గర వికారాబాద్ పక్కన కోట్‌పల్లి చెరువు పేరున్న చోటు. అక్కడ చుట్టుపక్కల ఊళ్ళ కుర్రాళ్ళే లైఫ్ జాకెట్ తొడిగి నేర్పిస్తారు. మా ఆడపడుచు, నేను ముందే ఒక ఆదివారం వెళ్ళి తెడ్డు పట్టడం నేర్చుకున్నాం. కుడివైపు వేస్తే పడవ ఎడమకు పోతుంది, ఎడమవైపు వేస్తే కుడికి. ఇది ఒంటబట్టేదాకా గుండ్రంగా తిరుగుతూనే ఉంటాం. నడుం నిటారుగా పెట్టి, చేతుల కంటే భుజాలు తిప్పాలి. పచ్చడి రోలు రుబ్బిన చేతులకు ఇదేం కష్టం కాదు.

దండేపల్లి వైపు ఒక ఊరి చెరువులో, మత్స్య సహకార సంఘం వాళ్ళను అడిగి, మా వాడు తెచ్చిన గాలి ఊదే కయాక్‌లు రెండు దింపాం. చెరువంటే ఊరి ఆస్తి. చేపలు సంఘం వాళ్ళవి. అడగకుండా దిగకూడదు. తెప్ప మీద వల సర్దుకుంటున్న పెద్దాయన మా పడవను చూసి, "గిదేం పడవ బిడ్డా, అరిటి దొప్ప లెక్కుంది" అన్నాడు. కానీ మేము నీళ్ళలో ఉన్నంతసేపూ ఆయన తన తెప్పతో మా చుట్టుపక్కలే తిరిగాడు. తామరాకులెక్కడ, తూటికాడలెక్కడ, లోతెక్కడ... అన్నీ చెప్పాడు. "తూటికాడల్ల తెడ్డు ఇరికితె గుంజద్దు, పడవ బోర్లపడ్తది. ఎనకకు రా" అన్నాడు. ఏ పుస్తకంలో ఉంటుంది ఈ మాట!

నీటి మట్టానికి కూర్చుంటే లోకం వేరుగా ఉంటుందండీ. గట్టు మీద నుంచి చూసే చెరువు వేరు, కొంగలకు సమానమైన ఎత్తులో చూసే చెరువు వేరు. మా ఆడపడుచుకు నీళ్ళంటే చిన్నప్పటి నుంచి భయం. ఈత రాదు. లైఫ్ జాకెట్ పట్టీలు మూడుసార్లు బిగించుకుని, కళ్ళు మూసుకుని కూర్చుంది. పావుగంట తర్వాత చూస్తే చెరువు మధ్యలో ఉంది. ఇంక గట్టుకు రానంటుంది!

రాత్రి జన్నారంలో బస. ఇది కవ్వాల అడవికి వాకిలి. 1965లో అభయారణ్యంగా మొదలై, 2012లో పులుల రిజర్వు అయింది. విస్తీర్ణం రెండు వేల చదరపు కిలోమీటర్లకు పైనే. ఇక్కడ సైకిల్ మీద ఇష్టమొచ్చినట్టు తిరగడానికి లేదు, తిరగకూడదు కూడా. అడవి దారిలో రాత్రి రాకపోకలకు ఆంక్షలున్నాయి. 2024 నవంబరులో కాగజ్‌నగర్ దగ్గర పత్తి చేలో పని చేస్తున్న ఒక యువతి పులి దాడిలో చనిపోయింది. పులిని చూడాలని మనం టికెట్టు కొనుక్కుంటాం, చేలో పనికి వెళ్ళే ఆడవాళ్ళు పులి కనబడకూడదని దండం పెట్టుకుంటారు. పులి కోసం ఊళ్ళు కూడా కదిలాయి. 2024లో కడెం మండలంలోని మైసంపేట, రాంపూర్ అనే అడవి పల్లెల వాళ్ళను బయటికి తెచ్చి ఇళ్ళు కట్టించారు. అడవి బాగుండాలంటే అది అవసరమని కొందరు, పుట్టిన నేల వదలడం అన్యాయమని కొందరు. ఇల్లు మారడమంటే ఏమిటో మనకు వేరే చెప్పాలా? అత్తారింటికి వచ్చిన రోజు గుర్తు చేసుకుంటే చాలు.

మూడో రోజు పొద్దున్నే అటవీశాఖ అనుమతితో, వాళ్ళ మనిషి వెంట రెండు గంటలు నడిచాం. టేకాకులు మంచుకు తడిసి మెత్తగా ఉన్నాయి కాబట్టి అడుగుల చప్పుడు లేదు. పులి కనబడలేదు. దుప్పుల గుంపు, నెమలి, ఒకచోట ఎలుగు తవ్విన పుట్ట. ఆ పుట్ట చాలు మాకు! టీచరమ్మ చేతికర్రతో, అందరికంటే వెనకాల, కానీ ఎక్కడా ఆగకుండా నడిచారు.

మేము రెండు గంటలకే గొప్పలు పోతున్నాం గానీ, అసలు నడకంటే మెస్రం వాళ్ళది. కెస్లాపూర్‌లోని నాగోబా దేవుడి జాతర పుష్యమాసం అమావాస్య నాడు. దానికోసం మెస్రం వంశపు గోండులు జన్నారం మండలంలోని కలమడుగు దగ్గర గోదావరి హస్తినమడుగు దాకా నడిచి వచ్చి, కలశంలో నీళ్ళు ముంచుకుని, కెస్లాపూర్ దాకా తిరిగి నడుస్తారు. అదీ ఉత్త కాళ్ళతో! మేము అదే వైపు వ్యానులో వెళ్తూ, ఉట్నూరు ఘాటు మలుపుల్లో కడుపులు పట్టుకున్నాం.

ఉట్నూరులో ఇప్పపువ్వు లడ్డూలు కొన్నాం. ఆదివాసీ మహిళలే తయారు చేస్తారు. ఎండబెట్టిన ఇప్పపువ్వు, పల్లీలు, నువ్వులు, బెల్లం. ఇప్పపువ్వంటే సారా ఒక్కటే గుర్తొచ్చే మనకు ఆ రుచి ఆశ్చర్యమే. కిస్‌మిస్ పండుకూ ఖర్జూరానికీ మధ్యలో ఉంటుంది.

దారి ఇంద్రవెల్లి మీదుగా. 1981 ఏప్రిల్ 20న పోలీసు కాల్పుల్లో గోండులు ప్రాణాలు పోగొట్టుకున్న చోట స్తూపం ఉంది. అక్కడ దిగి, కాసేపు నిలబడి, వెళ్ళాం. కెస్లాపూర్ గుడి జాతర లేని రోజుల్లో ప్రశాంతంగా ఉంటుంది. మెస్రం ఇంటికొచ్చిన కొత్త కోడళ్ళను జాతరలోనే నాగోబాకు పరిచయం చేస్తారు. దాన్ని భేటింగ్ అంటారు. అది జరిగేదాకా ఆ కోడలు ఆ దేవుణ్ణి చూడకూడదు. తెల్లచీరలు కట్టుకుని, ముసుగేసుకుని, వరసగా పెద్దవాళ్ళ వెంట వస్తారట. కోడలిని దేవుడికి ఇంత మర్యాదగా పరిచయం చేసే ఆచారం నాకు చాలా నచ్చింది.

వీలున్నవాళ్ళు జైనూరు వైపున్న మార్లవాయి కూడా చూడండి. నిజాం రోజుల్లో గోండుల మధ్య ఉండి, వాళ్ళ గురించి రాసిన హైమన్‌డార్ఫ్ పేరు వినే ఉంటారు. ఆయన భార్య బెట్టీ ఎలిజబెత్ కూడా ఆయనతో పాటు ఆ ఊళ్ళో మకాం పెట్టింది. 1987లో హైదరాబాద్‌లో ఆవిడ చనిపోతే సమాధి మార్లవాయిలో కట్టారు. 1995లో పోయిన ఆయనది కూడా ఆవిడ పక్కనే. పుట్టిల్లు ఇంగ్లండు, మెట్టినిల్లు ఆస్ట్రియా, చివరికి ఒక గోండు గూడెం! ఆయన పుస్తకాలు అందరికీ తెలుసు, ఆవిడ సంగతి మాత్రం ఎవరూ పెద్దగా చెప్పరు.

నాలుగో రోజు కుంటాల. నేరడిగొండ నుంచి లోపలికి పన్నెండు కిలోమీటర్లు. దారి చదునుగా ఉంటుంది, రెండు పక్కలా విరగబూసిన పత్తి. చివరిసారి సైకిళ్ళు దించి హాయిగా తొక్కాం. ఆ తర్వాత లోయలోకి మెట్లు. దిగడం తేలికే, ఎక్కడమే ఉంది! నూట నలభై ఏడు అడుగుల ఎత్తు నుంచి కడెం వాగు నల్లరాళ్ళ మెట్ల మీదుగా దూకుతుంది. మొన్న మేము చూసిన దండేపల్లి పొలాలకు నీళ్ళిచ్చేది ఈ వాగే. ఇక్కడ ఇలా దూకి, కిందికెళ్ళి డ్యాములో నిలిచి, కాలువల్లోకి మళ్ళుతుంది. మమ్మల్ని ఆపి నీళ్ళిచ్చిన ఆవిడ వడ్లు కూడా దీనివే.

ఒక మాట గట్టిగా చెప్పాలి. కుంటాలలో నీళ్ళలోకి దిగకండి. పైకి మోకాలి లోతులా కనబడే చోటే పక్కన నిలువెత్తు గుండాలుంటాయి. రాళ్ళు పాచి పట్టి జారతాయి. ఫొటోల కోసం, సరదా కోసం దిగి ఎంతోమంది ప్రాణాలు పోగొట్టుకున్నారు. మా ముందే ఒక కుర్రాళ్ళ గుంపు కంచె దాటబోతే టీచరమ్మ ముప్ఫై అయిదేళ్ళ సర్వీసు గొంతుతో, "ఏయ్! ఇటు రండి!" అన్నారు. అందరూ వచ్చి నిలబడ్డారు, పాపం, చేతులు కట్టుకుని! బోథ్ వైపున్న పొచ్చర జలపాతం ఎత్తు తక్కువ, వెడల్పు ఎక్కువ. అక్కడ కూడా నీళ్ళు చాలా లోతు. దూరం నుంచి చూడడానికే.

వస్తూ వస్తూ నిర్మల్‌లో ఆగి బొమ్మలు కొన్నాం. పొనికి చెక్కతో చేస్తారు. చేతిలో పట్టుకుంటే దూది అంత తేలిక. చింతగింజల బంకలో రంపపుపొట్టు కలిపి అతుకులు పెడతారట. సీతాఫలం, జామకాయ అచ్చం నిజంవే అనిపిస్తాయి.

ఖర్చు సంగతి అడుగుతారు కదా! వ్యాను అద్దె, డీజిలు, బసలు, తిండి అన్నీ కలిపి తలా అయిదు వేల లోపే. బసలు ముందుగా మాట్లాడుకుని, బాత్రూములు చూశాకే సామాను దించండి. ఒకచోట తలుపుకు గడియ లేక వంతులవారీగా కాపలా కాశాం. మోకాళ్ళకు కొబ్బరినూనె, కర్పూరం కలిపి ముందే కాచి పెట్టుకోండి. లైఫ్ జాకెట్ లేకుండా ఎవరు ఎంత బతిమాలినా పడవ ఎక్కవద్దు. రోజుకు ఇరవై కిలోమీటర్లకు మించి తొక్కకండి. నెలసరి రోజులు కలిస్తే దిగులుపడక్కర్లేదు, ఆ రోజు వ్యానులో కూర్చుని మిగతా వాళ్ళ ఫొటోలు తీయొచ్చు. మా స్నేహితురాలు అదే చేసింది. మంచి ఫొటోలన్నీ ఆవిడ తీసినవే.

ఇంటికొచ్చేసరికి మా అన్నయ్య పచ్చిపులుసుతో పాటు బెండకాయ వేపుడు కూడా నేర్చుకున్నాడు. టీచరమ్మ పుష్యమాసంలో నాగోబా జాతరకు వెళ్దామంటున్నారు. మా ఆడపడుచు మాత్రం కరీంనగర్‌లో ఆడవాళ్ళకు ఈత ఎక్కడ నేర్పిస్తారో, పొద్దున బ్యాచ్ ఎన్నింటికో కనుక్కునే పనిలో ఉంది.